విన్నపపత్ర వాఙ్మయము

విన్నపపత్రమును వాఙ్మయముగా నెంచువారు మన విమర్శకులలో కానరారు. కావ్యమునకు లక్షణము గలదు, నాటకమునకు గలదు, తుదకు హరికథకును గలదు. అనాథశరణాలయమునకో, అంధపాఠశాలకో, తుపాను బాధితుల సహాయనిధికో చందా యిమ్మని కోరుచు మన యిండ్లకు వచ్చు కాగితమునకు మాత్రము లక్షణమును విచారించినవారు లేరు. అయినను ఏడాదిలో ఒక గృహస్థుడు చదువు పద్యములకంటె ఈ విన్నపములే యెక్కువ. నేడవి కాగితముమీదనే కాక సెల్ ఫోనులోను వచ్చుచున్నవి. చదివి మనము కన్నీరు పెట్టుచున్నాము, డబ్బు పంపుచున్నాము, లేదా పంపకపోతిమే యని లోలోన నొచ్చుకొనుచున్నాము. మనస్సును ఇంతగా కదలించు రచన మంచిదో చెడ్డదో తేల్చుకొనకుండుట చదువుకొన్నవారికి తగదు. "అడుగువాడు సదుద్దేశముతో అడుగుచున్నాడు గదా, అతని శైలిని తప్పుపట్టనేల?" అని కొందఱనవచ్చును. ఉద్దేశమును మేము శంకించుటలేదు. ఇచ్చట శైలియే విషయము. ఏలయన విన్నపములో చిత్రింపబడు మనుష్యుడు సజీవుడు. ఆ చిత్రమును బ్రతుకెల్ల మోయవలసినవాడును అతడే.

ఈ రచనకు నేటి రూపమునిచ్చినవారిలో లండనునగరమున అనాథబాలుర గృహములు నెలకొల్పిన డాక్టరు తామస్ బర్నార్డోను ముందుగా చెప్పవలెను. ఆయన 1870లో స్టెప్నీ పేటలో బాలుర గృహమును తెరచెను. 1874 మొదలు అచ్చట చేరిన పిల్లలకు ఛాయాచిత్రములు తీయించుట యారంభమయ్యెను. వీనిలో జంటచిత్రములు ప్రసిద్ధికెక్కినవి. మొదటిదానిలో బిడ్డ చింపిరిగుడ్డలతో, దుమ్ముకొట్టిన మొగముతో కూర్చుండియుండును. రెండవదానిలో ఆ బిడ్డయే తల దువ్వుకొని, శుభ్రమైన దుస్తులు తొడిగి, చేత పనిముట్టు పట్టి నిలుచుండును. ఈ కార్డులను అమ్మి ఆయన ధనము కూర్చెను. చూచినవారికి చెప్పవలసిన మాట యొక్కటియు మిగులలేదు. రూపాయి పెట్టినచో ఈ బొమ్మ ఆ బొమ్మగా మారును: ఇంతే కథ.

1877లో ఆయనపై వచ్చిన యారోపణములు మధ్యవర్తుల సభయెదుట విచారణకు వచ్చెను. వానిలో నొకటి, పిల్లలను ఉన్నదానికంటె దీనముగా కనబడునట్లు సిద్ధపఱచి చిత్రములు తీయించిరని. మధ్యవర్తులు ఆరోపణములలో పెక్కింటిని త్రోసివేసిరి గాని ఈ చిత్రముల కల్పనను మాత్రము తప్పుపట్టిరి. బర్నార్డో తన పక్షమున చెప్పుకొన్న సమాధానము విమర్శకులు మనసుపెట్టి వినదగినది. ఆ బిడ్డ తాను ఒక వ్యక్తిగా కాక, వీధులలో తిరుగు అట్టి బిడ్డలందఱికి ప్రతినిధిగా చిత్రింపబడెనని ఆయన వాదము. ఈ మాట కవి నోట వచ్చినచో మేము తలయూపియుందుము. కవి సృజించిన దరిద్రుడు ప్రతినిధియే. అతని చొక్కాను ఎంత చింపినను నొచ్చుకొనువారు లేరు. ఛాయాచిత్రములోని బాలికకు పేరు గలదు, తల్లి గలదు, పెరిగి పెద్దదై మఱొక యూరిలో పనికి కుదురుకొనవలసిన భవిష్యత్తు గలదు. కవికి చెల్లిన స్వాతంత్ర్యమును కెమేరాకు అప్పగించుటయే అచ్చటి దోషము. ఆయన వేలాది బిడ్డలకు అన్నము పెట్టినమాట నిజమే. దానివలన బొమ్మలోని యబద్ధము నిజము కాజాలదు.

ఆ జంటచిత్రము నేటికిని చావలేదు. మన సంస్థల వార్షిక నివేదికలను తిరుగవేసిన ఎవరికైనను అది కనబడును. బట్టలు మారినవి, ముద్రణము మారినది, కథ మారలేదు.

బర్నార్డోకు సరిగా ఎదుట నిలుపదగిన వ్యక్తి ఎగ్లంటైన్ జెబ్ అను ఆంగ్లేయ మహిళ. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినను బ్రిటిషువారు శత్రుదేశములపై దిగ్బంధమును సడలింపకుండిన దినములలో, 1919లో, ఆమె ఆకలితో చిక్కిశల్యమైన ఆస్ట్రియా బిడ్డల బొమ్మలు గల కరపత్రములను లండనులోని ట్రఫాల్గర్ చౌకులో పంచిపెట్టెను. అధికారుల యనుమతి లేక పంచినందుకు ఆమెను పట్టుకొని అయిదు పౌనుల జుల్మానా విధించిరి. ఆమెపై వాదించిన ప్రభుత్వ న్యాయవాదియే ఆ అయిదు పౌనులను తన జేబునుండి ఆమెకిచ్చెననియు, శిశురక్షణనిధికి అదియే తొలి చందా యనియు చెప్పుదురు. ఆ సంవత్సరమే ఆ నిధి స్థాపింపబడెను.

ఆమెయు ఆకలిబిడ్డల బొమ్మలనే చూపినది గదా, భేదమేమి? భేదము గలదు. బర్నార్డో కార్డులోని బిడ్డ ఎందువలన వీధిపాలైనదో కార్డు చెప్పదు. తల్లిదండ్రుల దుర్గుణమే కారణమని చదువరి తనంతట తాను ఊహించుకొనవలసినదే. జెబ్ కరపత్రము ఆకలికి కారణమును పేర్కొనినది, ఆ కారణము చదువరి యేలికలే యని చెప్పినది. అందుచేతనే ఆమెకు శిక్ష పడినది. దయను మాత్రమే అడుగువారికి ఏ ప్రభుత్వమును జుల్మానా వేయదు. మఱియొక సంగతి. ఆమె అచ్చటనే ఆగలేదు. 1923లో బాలల హక్కుల ప్రకటనమును తానే రచించెను; 1924లో నానాజాతిసమితి దానిని అంగీకరించెను. "ఈ బిడ్డకు పెట్టుడు" అని వ్రాసిన చేయియే "ఈ బిడ్డకు రావలసినది" అనియు వ్రాసినది. విన్నపరచయితలలో ఇట్టి ప్రయాణము చేసినవారు అరుదు.

మన దేశపు విన్నపములలో మేము అన్నిటికంటె గొప్పదిగా నెంచునది పండిత రమాబాయి 1887లో అమెరికాలోని ఫిలడెల్ఫియానుండి ప్రకటించిన అగ్రవర్ణ హిందూస్త్రీని గూర్చిన ఆంగ్ల గ్రంథము. అది విన్నపపత్రమే, ధనార్జనమే దాని యుద్దేశము. కాని మొదటి పుటలోనే చేయి చాపదు. ఆడుబిడ్డ బాల్యమును, వివాహజీవనమును, మతమునందును సంఘమునందును స్త్రీకిచ్చిన స్థానమును, వైధవ్యమును, స్త్రీలస్థితి సంఘమునెట్లు క్రుంగదీయుచున్నదో ఆ సంగతిని అధ్యాయ క్రమమున వివరించి, కట్టకడపటి అధ్యాయమున మాత్రమే కోరిక కోరును. మనుస్మృతి మొదలగు ధర్మశాస్త్రములను ఆమె స్వయముగా చదివినది, తర్జుమాలపై ఆధారపడనక్కఱలేదు. జనాభా లెక్కలను చూపెను. భర్తతో కాపురమునకు పోనని 1887లో న్యాయస్థానమున నిలిచిన రఖ్మాబాయి సంగతిని, ఆమె మాటలలోనే, గ్రంథమున చేర్చెను. చదువరి మనస్సు కరగుటకు ముందే అతని బుద్ధికి మేత దొరకినది.

రమాబాయి జీవితమున కన్నీటికథలకు కొఱత లేదు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకును కూతురికిని సంస్కృతము నేర్పిన కారణమున సంఘముతో చిక్కులు పడెను. 1870లనాటి కఱవులో తల్లిదండ్రులు అన్నములేక మరణించిరి. 1880లో వివాహమాడిన భర్త రెండేండ్లలోపలనే పోయెను. ఈ కథనంతయు తన నోట చెప్పుకొన్నచో వినువారి రుమాళ్ళు తడిసియుండును. ఆమె అట్లు చేయలేదు. ఆమె జీవితకథను పీఠికలో ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాల యధ్యక్షురాలు రేచెల్ బాడ్లీ చెప్పినది. రమాబాయి తన గ్రంథమున వాదమునకే కట్టుబడినది. తుదకు ఆమె యడిగినదేమి? స్వావలంబనము, విద్య, స్వదేశ స్త్రీలే ఉపాధ్యాయినులగుట. ఈ మూడింటికి తగిన గృహమును స్థాపించుటకు సాయము. ఎంతకాలమో, ఎవరికొఱకో, దేనికొఱకో తెలియని "ఉదారసాహాయ్యము" ఆమె కోరలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో బోస్టను నగరమున ఆమె పేర ఒక సంఘ మేర్పడి పదియేండ్లపాటు ఖర్చు భరించుటకు పూనుకొన్నది. 1889 మార్చిలో బొంబాయిలో శారదాసదనము తెరవబడెను.

ఇంత మెచ్చుకొన్నవారము లోపమును దాచరాదు. పరదేశపు చదువరిని ఒప్పింపవలెనను తహతహలో ఆమె హిందూగృహమునందలి చీకటినే చూపెను. ఆ చీకటిలోనే పెరిగి, కూతురికి శాస్త్రములు నేర్పిన ఆమె తండ్రివంటి వాడొకడును గ్రంథపు ముఖ్యవాదములో నిలువలేదు. ఇట్టి విన్నపముల ఫలితము అమెరికాలో త్వరలోనే కనబడినది. అచ్చట పలు పట్టణములలో రమాబాయి మండలు లేర్పడి చందాలు పోగుచేయుచుండెను. 1895లో వివేకానందస్వామి బ్రూక్లినులో నుపన్యసించి, హిందూవితంతువులస్థితిని గూర్చి అచ్చట ప్రచారములోనున్న కథలను ఖండింపగా, ఆ మండలివారు పత్రికలకెక్కి ఆయనతో వాదమునకు దిగిరి. స్వామికి తన జాతి పరదేశీయుల కనికరమునకు పాత్రమై నిలుచుట దుస్సహమయ్యెను. ఆ బాధను మేమెఱుగుదుము. మన గుడిసెల బొమ్మలను పరదేశపు గోడలపై చూచిన ప్రతి తెలుగువాడును దాని నెఱుగును. అయినను జాతి గౌరవమును కాపాడుటకై వితంతువుల దుఃఖమును తక్కువచేసి చెప్పుట సరికాదు. మంగలికత్తి యెదుట కూర్చున్న పండ్రెండేండ్ల పిల్లకు జాతి గౌరవము ఏమి యుపకరించును? స్వామియు ఉత్త ఖండనముతో ఊరకుండలేదు. ఆ యేడు తన యుపన్యాసపు ఆదాయమును వంగదేశమున శశిపద బెనర్జీ వితంతువులకై నడపుచుండిన విద్యాకార్యమునకు ఇప్పించెను. ఈ కలహమున ఉభయులును ఒకే పనికి డబ్బు కూర్చుచుండిరనుట చాలమంది మఱచుచున్నారు.

వేఱొక లోపము రచనలోనిది కాదు, నడతలోనిది. సదనమున మతవిషయమై తటస్థముగా నుందుమను వాగ్దానముపైననే పూనా పెద్దలు తోడ్పడిరి. బాలికలు ఆమె క్రైస్తవప్రార్థనలకు పోవుచున్నారను వివాదము లేవగా, 1893లో రానడే, భండార్కరులు సలహాసంఘమునుండి తప్పుకొనిరి. ఆమె ఎవరిని బలవంతపెట్టినదని మేమనము. కాని విన్నపములోని ప్రతి వాక్యమును ఒక ఒడంబడిక వంటిదని ఈ యుదంతము తెలుపుచున్నది. చందా ఇచ్చినవాడు వాక్యమును కొన్నాడు. దానిని మార్చుకొనదలచిన సంస్థ అతనికి ముందుగా చెప్పవలెను.

ఆ శారదాసదనమునకు వచ్చిన తొలి బాలవితంతువులలో గోదూబాయి యొకతె. 1893లో గణితోపాధ్యాయుడు ధోండో కేశవ్ కర్వే ఆమెను పెండ్లాడెను. వారిని స్వగ్రామమున వెలివేసిరి. 1896లో కర్వే వితంతువులకై ఆశ్రమమును స్థాపించెను. 1916లో మహిళా విశ్వవిద్యాలయము వచ్చెను. 1920లో విఠల్దాస్ ఠాకర్సీ దానికి పదునైదు లక్షల రూపాయల విరాళము ప్రకటించెను. ఫిలడెల్ఫియాలో అచ్చయిన పొత్తమునుండి దారము ఇంతదూరము సాగినది.

మన తెలుగునాటికి వత్తము. వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని 1874లో పుట్టినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినది. ఆ యేడేండ్ల కాలమున పంతులుగారు చేసినదంతయు, నేటివారి భాషలో చెప్పవలెనన్న, ప్రజలకు తెలియజేయుట, ధనము కూర్చుట, సహాయకులను సమకూర్చుకొనుట. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి, విద్యార్థులు కాపుగాసిరి. ప్రహసనములు జనుల నోళ్ళలో నానినవి. పంతులుగారి విన్నపమునకు బలమిచ్చినది మఱియొకటి: తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. అడుగువాడు తాను మొదట ఇచ్చినచో అతని శైలిలోని లోపములు పెక్కు మన్నింపబడును.

కాని మేము తఱచుగా తలచుకొనునది 1921లో కాకినాడలో జరిగిన చిన్న కథ. గాంధీమహాత్ముడు ఆ యూరికి వచ్చుచున్నాడని విని, పండ్రెండేండ్లయినను నిండని దుర్గాబాయి, దేవదాసీలును ముసల్మాను స్త్రీలును ఆయనను ప్రత్యేకముగా కలిసికొనవలెనని సంకల్పించినది. నిర్వాహకులు అయిదువేల రూపాయల నిధి సమకూర్చినగాని వీలుపడదనిరి. ఆ సొమ్మును కూర్చినది ఎవరు? ఆ దేవదాసీలే. సభలో నగలును ఒలిచి ఇచ్చిరి. సంస్కర్తల వ్యాసములలో దేవదాసి యెన్నడును ఉద్ధరింపబడవలసినదే, కర్మకారకమే. ఆనాడు ఆమె కర్తయైనది. దుర్గాబాయి తరువాత 1937లో చెన్నపట్టణమున ఆంధ్రమహిళాసభను స్థాపించి, జీవితమెల్ల విరాళములు కూర్చుచునే గడపెను. ఆ నైపుణ్యమునకు ఓనమాలు ఇచ్చటనే దిద్దెనని మా యూహ.

సేవకులను కూర్చు విషయమున ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఆ 1921లోనే బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు జనసమ్మర్దమును అదుపుచేసినది. వేషము, శిస్తు, పాట, చేయుటకు నిర్ణీతమైన పని: ఇవి యున్నచోటికి యువకులు తామై వత్తురు. నేడు పెక్కు సంస్థలు సేవకులను పిలిచి, వచ్చినవారికి పని చూపలేక, బ్యానరు పట్టుకొమ్మని నిలువబెట్టుచున్నవి. రెండవ వారమునకు వారు రాకపోవుటలో వింతయేమి? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలకొలది ప్రాణములను హరించినప్పుడు, నందమూరి తారకరామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు మొదలగు నటులు వీధులలో జోలెపట్టిరి; శవములను తొలగించి ఖననము చేయు పనికి మాత్రము పేరులేని సేవకులే దిగిరి. రెండును కావలసినవే. నివేదికలలో మొదటివారికే బొమ్మలు దక్కుచుండును.

2014లో అమెరికాలో మంచునీటిబొక్కెన వేడుక పుట్టినది. నరములు క్షీణించు ఒక వ్యాధిపై పరిశోధనకై, తలపై మంచునీళ్ళు కుమ్మరించుకొని మఱి ముగ్గురిని సవాలు చేయుట దాని విధానము. ఆ వ్యాధి సంఘమునకు ఆ యేట సుమారు 11 కోట్ల 50 లక్షల డాలర్లు చేరినవి. ఆ ధనముతో సాగిన పరిశోధనలో వ్యాధికి సంబంధించిన యొక జన్యువును గుర్తించినట్లు 2016లో ప్రకటించిరి. కావున దానిని ఉత్త కోతిచేష్ట యని కొట్టివేయలేము. అయినను నీళ్ళు పోసికొన్నవారిలో వ్యాధి పేరు చెప్పగలవారెందఱు? ఆ ఆగస్టులోనే హైదరాబాదులోని యొక పత్రికారచయిత్రి దానిని బియ్యపు బొక్కెనగా మార్చినది: నీళ్ళు పాఱబోయవద్దు, బొక్కెడు బియ్యము ఆకలిగొన్న పొరుగువానికి ఇమ్ము. ఈ మార్పు చక్కని విమర్శయే. కాని దానితోను ఛాయాచిత్రము వెన్నంటి వచ్చినది. ఇచ్చువాడును, బొక్కెనయు, పుచ్చుకొనువాడును ఒకే చట్రములో.

ఆ చట్రమే మా యిండ్లలోనికి వచ్చి కూర్చున్నది గనుక దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. పిల్లవాని పుట్టినరోజునకు అనాథశరణాలయమునకు పోయి భోజనము పెట్టించుట ఇప్పుడు మధ్యతరగతి కుటుంబములలో ఆచారమైనది. ఆచారము మంచిది. అచ్చట జరుగునదేమి? ఆకలిగొన్న నలువది మంది బిడ్డలు పళ్ళెముల యెదుట కూర్చుందురు. కేకు కోయువఱకు ఎవరును ముట్టరాదు. మన బిడ్డకు పాట పాడవలెను. వారిలో తన పుట్టినతేదీ తెలియని బిడ్డలుందురు, వారును పాడుదురు. అటుపిమ్మట వరుసగా నిలిచి చిత్రము తీయించుకొనవలెను, అది సాయంకాలమునకు చుట్టాలందఱి ఫోనులకు చేరును. సంస్థవారు అడ్డుచెప్పరు, మఱుసటి దాతను తెచ్చునది ఆ చిత్రమే గదా. 2015 నాటి బాలన్యాయచట్టపు 74వ విభాగము, సంరక్షణ అవసరమైన బిడ్డలను గుర్తింపవీలగు పేరు, చిత్రము మొదలైనవి పత్రికలలోగాని ప్రసారసాధనములలోగాని ప్రకటింపరాదనుచున్నది. ఆఱునెలల వఱకు ఖైదు, రెండులక్షల వఱకు జుల్మానా విధింపవచ్చును. ఈ సంగతి సంస్థల గోడలపై వ్రాసి పెట్టినచో బాగుండును. చట్టము లేకపోయినను మన బిడ్డ బొమ్మను దరిద్రునిగా పరాయియింట వ్రేలాడదీయుదుమా?

ఐరోపాలోని సేవాసంస్థలు 1989లోనే తమలో తాము ఒక నియమావళిని ఏర్పఱచుకొన్నవి. దీనదేశముల జనులను నిస్సహాయులుగా, దయకొఱకు చేయి చాపువారుగా మాత్రమే చూపు బొమ్మలను మానుకొందుమని యంగీకరించినవి. అమలు ఎంతవఱకో వేఱుమాట. మన తెలుగు సంస్థలకు అట్టి యొడంబడిక యొకటి యుండుట అత్యవసరము. రోగియైన పసిబిడ్డ గొట్టములతో నున్న దృశ్యము, తల్లి యేడ్పు, క్రింద డబ్బు పంపు గుర్తు గల ప్రకటనలు నేడు ఫోనులో వచ్చుచున్నవి. వానిని చూచి సాయము చేయువారిని మేము నిందింపము. ఆసుపత్రి బిల్లు నిజము, తల్లి నిస్సహాయత నిజము. కాని ఒక బిడ్డకు చికిత్స దొరకుటకు ఆమె తల్లి ఏడ్పు బాగుగా చిత్రమునకెక్కవలెనన్నచో, ఏడ్వరాని తల్లి గతి యేమి? ఈ ప్రశ్నను ఆ ప్రకటన యడుగదు. జెబ్ అడిగియుండును.

చిత్రము లేకయే ధనము కూడదా యన్నచో, మిజోరముకొండలను చూడవచ్చును. అచ్చటి క్రైస్తవసంఘమువారు 1910 మొదలు పిడికెడుబియ్యపు పద్ధతిని నడపుచున్నారు. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱు పాత్రలో వేయును. వారమువారము పోగుచేసి అమ్ముదురు. నూఱేండ్లు దాటినను అది నిలిచియున్నది. ఆ సంఘపు ఆదాయములో దానిది చెప్పుకోదగిన భాగము. అచ్చట విన్నపపత్రము లేదు, కన్నీరు లేదు, దాతపేరు గల రాతిఫలకము లేదు. బీదయిల్లాలి పిడికిలియు ధనికురాలి పిడికిలియు నించుమించుగా నొక్కటే. ఆ పద్ధతి మతసంఘపు కట్టుబాటుమీద నిలిచినదనియు, మన పట్టణములలో అట్టి కట్టుబాటు లేదనియు ఆక్షేపింపవచ్చును. కాని అపార్టుమెంటులలో నలువదేసి కుటుంబములు ఒకే కప్పు క్రిందనున్న యీ కాలమున వారమునకొకసారి తలుపు తట్టుటకు ఇద్దఱు యువకులు చాలరా?

మా చేతికి వచ్చు నివేదికలలో మేము మొదట వెదకునది జమాఖర్చుల పుట. అది తఱచుగా తుదిని, చిన్న అక్షరములలో నుండును. కొన్నింటిలో నుండనే యుండదు. బొమ్మలకు పదునాఱు పుటలు, లెక్కలకు సగము పుట గల నివేదిక యొకటి మొన్న మా బల్లపైకి వచ్చినది. ఆ బొమ్మలలో పదుమూడింట అతిథులే యున్నారు, పిల్లల తలలు దండల క్రింద సగమే కనబడుచున్నవి. సంస్థపేరు చెప్పము. కార్యదర్శిగారికి జాబు వ్రాసి, భోజనములకెంత, ముద్రణకెంత, అతిథుల రాకపోకలకెంత యని విడివిడిగా అడిగియున్నాము.